కాయలో సబ్బు ఎవరు పెట్టారు?

ఆదివారం పొద్దున్న. బాత్రూమ్ గుమ్మంలో పీట మీద మా పెద్దది కూర్చుంది. నాలుగేళ్లది. ఒళ్లంతా నువ్వుల నూనె కారుతోంది. నేను గిన్నెలో నానిన కుంకుడు తొక్కల్ని పిసుకుతున్నాను. పిసికేకొద్దీ నురగ గిన్నె అంచు దాటుతోంది. అది కాసేపు చూసి అడిగింది: "అమ్మా, కాయలో సబ్బు ఎవరు పెట్టారు?"

"దేవుడు" అని తప్పించుకోవచ్చు. మా అమ్మ నాతో అదే అంది. కానీ రెండోది పుట్టినప్పటి నుంచి ఇంట్లో సీసాలు తగ్గించే పనిలో ఉన్నాను. "కెమికల్స్ లేవు" అని రాసి బొమ్మలు వేసిన సీసాలే ఎక్కువ. కెమికల్ లేని వస్తువు లోకంలో ఎక్కడుంది? నీళ్లూ కెమికలే. సీసాలు వెళ్లిన అరలోకి అమ్మ డబ్బాలోంచి కుంకుళ్లు వచ్చాయి, అత్తయ్య మూటలోంచి వసకొమ్ము వచ్చింది. రెండూ చెట్టూచేమా ఇచ్చినవే, రెండూ తరతరాలుగా వాడినవే. ఒకటి ఉంచుకున్నాను, ఇంకోటి తిప్పి పంపాను. ఎందుకో చెప్పాలంటే ముందు కాయలోకి వెళ్లాలి.

నీళ్లకూ జిడ్డుకూ నడుమ దుబాసీ

నూనె రాసుకున్న ఒంటి మీద ఉత్త నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి, నూనె మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నీటి అణువులకు తమలో తమకే మమకారం ఎక్కువ. ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. పైవరసలో ఉన్నవాటికి పైనుంచి చెయ్యి అందించేవాళ్లు లేరు కనుక పక్కవాటినీ కిందవాటినీ మరింత గట్టిగా లాగుతాయి. దాంతో నీటిపైన సన్నటి తోలు బిగించినట్టు ఉంటుంది. చెరువు మీద పొడుగుకాళ్ల పురుగు మునగకుండా పరిగెత్తేది ఆ తోలు మీదే. అంత బిగువుగా ఉన్న నీరు నూనెలోకి ఎందుకు చొరబడుతుంది?

కుంకుడు తొక్కలో సపోనిన్లనే పదార్థాలు ఉన్నాయి. ఒక్కో సపోనిన్ అణువుకు రెండు కొసలు. ఒక కొసకు చక్కెర తునకలు అతుక్కుని ఉంటాయి, వాటికి నీళ్లంటే ప్రాణం. రెండో కొసది కొవ్వు స్వభావం. అది నీళ్లకు ముఖం చాటేసి నూనె వైపు పోతుంది. కుంపెనీ కాలంలో దొరలకూ మన వర్తకులకూ నడుమ దుబాసీలు ఉండేవారు. ఇటు తెలుగు, అటు ఇంగ్లీషు, రెండూ వచ్చిన మనుషులు. సపోనిన్ అచ్చం అలాంటి దుబాసీ.

ఈ దుబాసీలు నీళ్లలో పడగానే ముందు పైవరసకు చేరతాయి. కొవ్వు కొసను గాలిలోకి పెట్టి, చక్కెర కొసను నీళ్లలో ముంచి నిలబడతాయి. నీటి అణువుల మధ్య అవి దూరేసరికి తోలు బిగువు సడలుతుంది. అప్పటిదాకా జారిపోయిన నీరు ఇప్పుడు వెంట్రుకల సందుల్లోకి పాకుతుంది. అక్కడ జిడ్డు కనబడగానే దుబాసీలన్నీ కొవ్వు కొసల్ని అందులో గుచ్చి చుట్టూ మూగుతాయి. చేత్తో రుద్దితే జిడ్డు చిన్నచిన్న ఉండలుగా తెగుతుంది. ఒక్కో ఉండ చుట్టూ దుబాసీల కాపలా, బయటికి కనిపించేవన్నీ చక్కెర కొసలే. లోపల నూనె ఉందని నీళ్లకు తెలియదు. తమ మనిషే అనుకుని మోసుకుపోతాయి. ఇలా మూగిన గుంపునే శాస్త్రజ్ఞులు మైసెల్ అంటారు.

తలంటు పోసే ప్రతి తల్లికీ తెలిసిన సంగతి ఒకటుంది. మొదటిసారి రసం పోస్తే నురగ రాదు, రెండోసారికి బుసబుసా పొంగుతుంది. మొదటిసారి దుబాసీలన్నీ నూనె పనిలో ఉంటాయి, గాలి బుడగలకు గోడలు కట్టే తీరిక వాటికి ఉండదు. జిడ్డు పోయాకే నురగకు మిగులుతాయి. అంటే నురగ మురికిని వదిలించదు, మురికి వదిలిందని చెబుతుందంతే. సెనగలు ఉడికేటప్పుడు గిన్నె మీదకు తేలే నురగలోనూ ప్రోటీన్లతో పాటు కాసిన్ని సపోనిన్లుంటాయి.

కుంకుడు జాతికి వృక్షశాస్త్రం పెట్టిన పేరు సపిండస్. లాటిన్‌లో 'ఇండియా సబ్బు' అనే మాటల నుంచి వచ్చింది. మనవైపు దొరికేది సపిండస్ ట్రైఫోలియేటస్, ఉత్తరాదిన రీఠా అని అమ్మేది దాని దాయాది. ఇక ఇంగ్లీషువాళ్ల 'షాంపూ' మన దేశపు మాటే. 'ఒత్తు, మర్దన చెయ్యి' అనే అర్థమున్న హిందీ మాట అది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు తెరిచి దొరలకు ఒళ్లు పట్టించాడు. ఆ సేవనే అక్కడ షాంపూయింగ్ అన్నారు. అంటే మన తలంటుకు అది మరీ దూరపు చుట్టమేమీ కాదు.

———
చేసి చూడండి: మిరియాల పరుగు
వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పైన మిరియాల పొడి చల్లండి. పొడి తేలుతుంది. మధ్యలో వేలు ముంచితే ఏమీ కాదు. ఇప్పుడు అదే వేలికి చిక్కటి కుంకుడు రసం రాసి ముంచండి. పొడి అంచులకు పరిగెడుతుంది. రసం తగిలినచోట నీటి తోలు సడలింది, అంచుల దగ్గర ఇంకా బిగువుగానే ఉంది. ఆ బిగువే పొడిని తనవైపు లాక్కుంది. మా పెద్దది దీన్ని పదకొండుసార్లు చేసింది. ప్రతిసారీ పళ్లెం కడిగి కొత్త నీళ్లు పోయాలి, లేకపోతే ఆట సాగదు. ఎందుకు సాగదో ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది.
———

బోరు నీళ్ల పేచీ

మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కు వచ్చేది బోరు నీళ్లు. కుళాయి మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది, గీజర్ కాయిల్‌కు నెలల్లోనే సున్నం పడుతుంది. రాళ్లలోంచి కరిగి వచ్చిన కాల్షియం, మెగ్నీషియం చేసే పని అది. ఒంటి సబ్బు ఈ నీళ్లలో పడితే సబ్బుకు కాల్షియం అతుక్కుని నీళ్లలో కరగని తెట్టుగా మారుతుంది. బక్కెట్ అంచున జిగటగా తెల్లగా మిగిలేది అదే. జుట్టు మీదా అదే మిగులుతుంది. సపోనిన్‌కు కాల్షియంతో ఈ పేచీ పెద్దగా లేదు. అందుకే ఉప్పునీళ్ల ఊళ్లలో కూడా కుంకుడు పని చేసింది.

ఇంకో తేడా పులుపుది. ఒంటి సబ్బు క్షారం, పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. మన చర్మం కాస్త ఆమ్లం, 5కు అటూ ఇటూ. కుంకుడు రసమూ ఆమ్లం వైపే. వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే పెంకుటింటి కప్పులా ఉంటుంది, ఒక పెంకు మీద ఇంకో పెంకు. క్షారం తగిలితే పెంకులు పైకి లేస్తాయి, జుట్టు గరుకెక్కి చిక్కు పడుతుంది. ఆమ్లంలో అవి అణిగి ఉంటాయి. మా అమ్మ రసంలో గంజి కలిపేది, చేతికందితే నాలుగు మందార ఆకులు నలిపి వేసేది. గంజిలోని పిండిపదార్థం, మందారపు జిగురు పెంకుల మీద పల్చటి పూత వేస్తాయి. సీసా మీద కండిషనర్ అని రాసి అమ్మేది చేసేదీ అదే పని.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కుంకుడును ఒంటి సబ్బుతో పోల్చి గెలిపించడం తేలిక. సీసా షాంపూ సబ్బు కాదు. అది కూడా గట్టి నీళ్లలో తెట్టు కట్టదు, దాని పీహెచ్ కూడా చర్మానికి దగ్గరగా ఉండేలా కలుపుతారు. అందులో నురగనిచ్చే పదార్థాన్ని చాలావరకు కొబ్బరి నూనె నుంచో పామ్ గింజల నూనె నుంచో తయారు చేస్తారు. సహజం ఎక్కడ ఆగింది, కృత్రిమం ఎక్కడ మొదలైంది అంటే గీత గీయడం కష్టం. నేను కుంకుళ్లకు మారింది షాంపూ విషమని కాదు. వారానికి గుప్పెడు కాయలతో పోయేదానికి ప్లాస్టిక్ సీసాలు, దేనికీ మళ్లీ పనికిరాని ఆ పొరల పొరల సాషేలు ఎందుకని.

సున్నిపిండి కథ వేరు. అందులో దుబాసీలు తక్కువ. స్కూల్లో సిరా ఒలికితే చాక్‌పీసు అద్దేవాళ్లం గుర్తుందా? పెసరపిండి జిడ్డును అలా పీల్చుకుంటుంది. పైన గరుకుదనం మురికిని గీకేస్తుంది. పసిబిడ్డ చర్మం మీద ఆ గరుకే పనికిరాదు.

చెట్టు దాచుకున్న ఆయుధం

మా పెద్దదాని ప్రశ్నకు అసలు జవాబు ఇప్పుడొస్తుంది. కుంకుడు చెట్టు మన తలల కోసం సపోనిన్లను తయారు చేయలేదు. కదలలేని చెట్టుకు పారిపోయే దారి లేదు. పురుగులూ బూజూ మీదికొస్తే కొట్టడానికి దానికి మందులు కావాలి. సపోనిన్ అలాంటి మందు.

ఎలా కొడుతుంది? ప్రాణమున్న ప్రతి కణానికీ చుట్టూ సన్నటి కొవ్వు పొర ఉంటుంది. జంతు కణాల పొరలో కొలెస్ట్రాల్ కూడా ఉంటుంది. జిడ్డులో కొవ్వు కొసను గుచ్చిన దుబాసీ ఈ పొరలోనూ గుచ్చుతుంది, కొలెస్ట్రాల్‌ను పట్టుకుంటుంది. పొరకు చిల్లులు పడతాయి. జిడ్డును కడిగిన గుణమే కణాన్ని చీలుస్తుంది. ఒక గుణానికి రెండు ముఖాలు.

దీనికి పెద్ద సాక్ష్యం మన రొయ్యల చెరువుల గట్టు మీదే ఉంది. రొయ్య పిల్లల్ని వదిలే ముందు చెరువులో మిగిలిపోయిన చేపల్ని వదిలించుకోవడానికి ఇప్పచెక్క చల్లుతారు, కొందరు టీ గింజల చెక్క వాడతారు. రెండింటిలో పని చేసేది సపోనినే. అది మొప్పల గుండా చేప నెత్తురులోకి వెళ్లి ఎర్రకణాలను పగలగొడుతుంది. ఊపిరాడక చేప తేలిపోతుంది. రొయ్య నెత్తురులో ఎర్రకణాలే లేవు. అందుకే టీ గింజల చెక్కను మోతాదు తప్పకుండా వేస్తే చేప పోతుంది, రొయ్య బతుకుతుంది. కుంకుడు కాయలతోనూ వాగుల్లో చేపలకు మత్తెక్కించి పట్టే అలవాటు చాలాచోట్ల ఉండేది. పప్పులో సపోనిన్ తిన్నా మనకేమీ కాదు, ఎందుకంటే పేగుల్లోంచి అది నెత్తురులోకి పెద్దగా ఎక్కదు. మొప్పలకు ఆ అడ్డుగోడ లేదు.

కంటికీ లేదు. రసం చుక్క పడగానే పిల్లలు ఇల్లెగిరిపోయేలా ఎందుకు ఏడుస్తారో ఇక చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో వెంటనే నోట్లో ఉప్పుకల్లు పెట్టేవారు. నోట్లో ఉప్పుకూ కంట్లో మంటకూ నాకు ఏ దారీ కనిపించలేదు. కంటిని కడిగేది కన్నీళ్లు, చెంబుడు చల్లటి నీళ్లు. ఉప్పుకల్లు పని బహుశా ఏడ్చే నోటికి ఇంకో పని చెప్పడం. పిల్లల షాంపూలతో కన్ను మండకపోవడానికి కూడా కారణం ఇలాంటిదే, కాకపోతే తిరగేసి. వాటిలో వాడే దుబాసీ అణువులు, వాటి గుంపులు పెద్దవి, కంటి పొరలోకి అంత సులువుగా దూరలేవు. ఈ విషయంలో ఫ్యాక్టరీవాళ్లు చెట్టుకంటే మెత్తటి మనసున్నవాళ్లని ఒప్పుకోవాలి. మా చిన్నదానికి ఐదో నెల. దానికి కుంకుడు లేదు, షాంపూ లేదు, గోరువెచ్చటి నీళ్లే.

మూడోనాటి వాసన

మొదట్లో ఉత్సాహం కొద్దీ వారానికి సరిపడా రసం ఒకేసారి ఉడకబెట్టి సీసాలో పోశాను. మూడో రోజు మూత తీస్తే పులిసిన గంజి వాసన. తొక్కలో చక్కెరలున్నాయి, గిన్నెలో నీళ్లున్నాయి, హైదరాబాద్ వేడి ఉంది. సూక్ష్మజీవులకు అంతకంటే ఏం కావాలి? దుకాణంలో సీసా ఏడాది నిలవుండేది అందులో నిలవ మందు కలిపారు కనుకే. ఆ మాటను తిట్టులా వాడటం అప్పటి నుంచి మానేశాను. నిలవ మందు లేని తడి పదార్థం పసిబిడ్డకు పూస్తే వాసన రాకముందే సూక్ష్మజీవులు లక్షల్లో ఉంటాయి.

అమ్మ పద్ధతిలో ఈ గొడవే లేదు. ఎండిన కాయ సంవత్సరాలు నిలుస్తుంది, ఎందుకంటే నీళ్లు లేనిచోట ఏదీ పెరగదు. స్నానానికి గంట ముందు కొట్టి, గింజ తీసి, వేణ్ణీళ్లలో వేసి, అప్పటికప్పుడు వాడి పారబోసేది. నేను సీసా సౌకర్యం, కాయ స్వచ్ఛత రెండూ కావాలన్నాను. రెండూ ఒకచోట దొరకవు.

కాకినాడ కుండ, అనంతపురం కుండ

సీసాల తర్వాత వంతు ఫ్రిజ్‌ది. వేసవికి ఫ్రిజ్ నీళ్లు మానేద్దామనుకున్నప్పుడు ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. అమ్మది కాకినాడ. "కుండలో నీళ్లు ఏం చల్లబడతాయే, ఉత్తిమాట" అంటుంది. అత్తయ్యది అనంతపురం. "కుండలో నీళ్లు తాగితే పండ్లు జివ్వుమంటాయమ్మా" అంటారు. ఇద్దరూ తమ అనుభవమే చెబుతున్నారు, ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

కుండ గోడ నిండా కంటికి కనబడని రంధ్రాలుంటాయి. మట్టిలో కలిపిన పొట్టూ పేడా ఆవంలో కాలిపోయి వదిలిన ఖాళీలు కొన్ని. వాటిగుండా నీరు బయటికి ఊరి, గాలి తగిలి ఆవిరవుతుంది. ఆవిరయ్యే నీటికి చాలా వేడి కావాలి. దాన్ని కుండలో మిగిలిన నీళ్ల నుంచే గుంజుకుంటుంది. చెమట పట్టిన ఒంటికి ఫ్యాన్ గాలి చల్లగా తగిలేది ఇందుకే. గాలి పొడిగా ఉంటే ఈ పని జోరుగా సాగుతుంది. అనంతపురం మే నెల గాలి దప్పికతో ఉంటుంది, ఎంత ఆవిరైనా తాగేస్తుంది. కాకినాడ గాలి అప్పటికే సముద్రాన్ని తాగి ఉంటుంది. దానికి ఇంకా పోస్తే ఎక్కడ పడుతుంది?

———
కుండ లెక్క
పది లీటర్ల కుండలో నూరో వంతు, అంటే 100 మిల్లీలీటర్లు, ఆవిరైతే చాలు. బయటి వేడి లోపలికి రాకపోతే మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. నిజానికి బయటి వేడి వస్తూనే ఉంటుంది కనుక అంత తగ్గదు. కుండను గాలి ఆడేచోట నీడన పెట్టాలి. అల్మారాలో పెడితే అది వట్టి మట్టి పాత్ర. బోరు నీళ్లు పోస్తే ఆవిరైన చోటల్లా లవణాలు మిగిలి రంధ్రాలు పూడుకుపోతాయి. ఏటా కొత్త కుండ కొనడం వెనక ఈ సంగతి ఉంది.
———

వసపిట్ట, తేనెచుక్క, కాటుకబొట్టు

ఇక అత్తయ్య మూట. గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అంటాం. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాస్తే మాటలు త్వరగా వస్తాయన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. వసలో ఘాటైన వాసనకు కారణమైన పదార్థాల్లో బీటా-అసరోన్ ఒకటి. మన దేశపు వస రకంలో అది ఎక్కువ. ఎలుకలకు పెట్టి చూసినప్పుడు కణితులు వచ్చాయి. అమెరికా 1968లోనే వసను ఆహారంలో వాడకూడదని నిషేధించింది. కుంకుడులాగే ఇదీ తనను తినేవాళ్ల మీదికి మొక్క చేసుకున్న ఏర్పాటే. కుంకుడు రసం తల మీద పోసి కడిగేస్తాం. వసను బిడ్డ మింగుతుంది. నాకు ఆ తేడా చాలు.

చిన్నది పుట్టిన రోజున అత్తయ్య తేనె సీసా తీశారు. "ఒద్దత్తయ్యా" అన్నాను.

"వానికి నేనే పెట్టినా కదా, ఏమైంది?" అన్నారు, మా ఆయన్ను చూపించి.

ఆయనకు ఏమీ కాలేదు, నిజమే. చాలామందికి ఏమీ కాదు. తేనెలో అప్పుడప్పుడు క్లాస్ట్రీడియం బొటులినం అనే సూక్ష్మజీవి విత్తులు ఉంటాయి. పెద్దవాళ్ల పేగుల్లో అప్పటికే కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి, ఈ విత్తు మొలవడానికి చోటు దొరకదు. పుట్టిన బిడ్డ పేగు ఇంకా దుక్కి చేసి వదిలిన పొలం. విత్తు మొలుస్తుంది, విషం తయారు చేస్తుంది. మలబద్ధకంతో మొదలై, ఏడుపు సన్నగిల్లి, మెడ వాలిపోయి, ఊపిరి దాకా పోతుంది. పసిబిడ్డల్లో ఈ జబ్బును మొదట గుర్తించింది 1976లో, కాలిఫోర్నియాలో. అంతకుముందు ఇలా పోయిన బిడ్డలకు ఏ పేరు పెట్టి ఏడ్చారో. తేనె కాచినా ఆ విత్తులు చావవు. ఏడాది నిండాక పెడితే భయం లేదు. అత్తయ్యతో అంతా చెప్పలేదు. "పుట్టినరోజుకు మీ చేత్తోనే పెట్టండి" అన్నాను. అప్పటి నుంచి ఆ సీసా ఆవిడ దేవుడి గూట్లో ఎదురు చూస్తోంది.

కాటుక దగ్గర మాత్రం ఇద్దరం సగం సగం గెలిచాం. సుర్మా అని అమ్మే మెరుపు పొడి చాలాసార్లు సీసం ఖనిజం. భూమిలోంచి తవ్వినదే, దానికంటే సహజమైనది ఏముంటుంది? కానీ పిల్లల మెదడుకు ఇంత సీసం వరకు పరవాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి ఇంట్లో పట్టే కాటుక వట్టి మసి. సీసం భయం లేదు, వేలి మురికి భయం ఉంది. కనుక కంట్లో వద్దు, అరికాలికి దిష్టిచుక్క సరే అని ఒప్పందం. బుగ్గ మీద పెట్టినా చెరిపి కంట్లో పులుముకుంటుంది, కాలైతే ఇంకా దానికి అందదు. వచ్చే నెల అందుతుంది. అప్పుడు మళ్లీ చర్చలు.

మొలవని గింజ

"చెట్టే పెట్టుకుంది, పురుగులు తినకుండా" అని చెప్పాను మా పెద్దదానికి. కాసేపు ఆలోచించింది. "మరి మనం తీసేసుకుంటే చెట్టుకు కోపం రాదా?" అంది. నల్లటి గింజలు నాలుగు ఏరి, చెట్టుకు తిరిగి ఇచ్చేద్దామని బాల్కనీ కుండీలో పాతింది. రోజూ నీళ్లు పోసింది. నెలైనా ఒక్కటీ మొలవలేదు.

తవ్వి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, ఒక్కదానిలోకీ నీళ్లు ఎక్కలేదు. ఆ గింజకు రాయిలాంటి పెంకు ఉంటుంది. దాన్ని కాస్త గీకితే గానీ తడి లోపలికి పోదు. నిన్న సాయంత్రం ఇద్దరం మేడ మీద సిమెంటు గచ్చుకు ఆ నాలుగింటినీ అరిగేదాకా రుద్ది, రాత్రంతా గోరువెచ్చటి నీళ్లలో నానేశాం. పొద్దున చూస్తే రెండు ఉబ్బాయి.